వేగం చూసే ఉద్యోగం

చిరంజీవి మా ఇంజనీరు మనవరాలికి,

నాన్నమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ తాతయ్య, నేను, కారు క్షేమం. ఆయన్ని అడిగితే కారు పేరే ముందు చెబుతారు. నువ్వు వేళకు తింటున్నానని రాశావు. నేను నమ్మలేదు.

తాతయ్య మోకాలు ఎలా ఉందని అడిగావు. నయమే. కారు వేగాన్ని తనే నిలిపి ఉంచే మీ కంపెనీ క్రూయిజ్ కంట్రోల్ వచ్చాక కుడికాలు చాపుకుని పెళ్లికొడుకులా కూర్చుని నడుపుతున్నారు. అదెలా పనిచేస్తుందో నువ్వు రాసింది శ్రద్ధగా చదివాను. చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో సెన్సరు చెబుతుంది. లోపలి చిన్న కంప్యూటరు దాన్ని మనం కోరిన వేగంతో పోల్చుకుని, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను జోరు పెంచుతుంది, పల్లంలో తగ్గిస్తుంది. బ్రేకు నొక్కితే అలిగి తప్పుకుంటుంది. మళ్లీ ఒక మీట నొక్కగానే అలక మరిచి పాత వేగం అందుకుంటుంది. ఎంత చవక అలక! నేనైతే రెండు పూటలన్నా సాగదీస్తాను.

పెళ్లయిన నాటినుంచీ ఆ వేగం చూసే ఉద్యోగం నాది. పక్కన కూర్చుని ముల్లు మీద కన్నేసి నేను "ఏమండీ, కాస్త నెమ్మది" అనడం, ఆయన "అయితే నువ్వే నడుపు" అనడం, మా కాపురంలో సగం సంభాషణ అదే. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు, "అది చూసుకుంటుందిలేవే" అంటున్నారు. ఆ రోజు పెద్ద రోడ్డు మీద స్టీరింగు నిమిరి, "బంగారుతల్లి! ఒక్క మాట ఎదురు చెప్పదు" అన్నారు కూడా. నన్నెప్పుడూ బంగారమన్న పాపాన పోలేదు. కనీసం ఇత్తడి అని కూడా అనలేదు.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. నడుస్తూ నడుస్తూ ఆ యంత్రం తనంతట తానే ఆగిపోయిందని తాతయ్య చేసిన ఫిర్యాదుకి మీ పైవాళ్లు నీ పని నిలిపేశారనీ, లోపం ఎక్కడో దొరక్క నిద్ర పట్టడం లేదనీ రాశావు. వెతకకు తల్లీ, దొరకదు. దాన్ని ఆపే రద్దు మీట నొక్కింది నేను.

ఆ బంగారుతల్లి మాట వినగానే చెయ్యి చాపి నొక్కేశాను. కారు వేగం పడిపోయింది. ఆయన కాలు ఇంకా చాపుకునే ఉంది. వెనక లారీవాడు హారను మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయాడు. ఇన్ని పుస్తకాలు చదివి, చివరికి ఒక యంత్రానికి సవతినయ్యాను! ఈ ఉత్తరం మీ పైవాళ్లకి చూపించు. నవ్వుకుంటే నవ్వుకోనీ.

నిన్న ఆయనకీ చెప్పేశాను. "ఇకనుంచి వెనక సీట్లో కూర్చో" అన్నారు. ఈ ఉదయం కూర్చున్నాను. అక్కణ్ణించి ముల్లు కనబడదు. ఆయన యంత్రానికి వేగం అప్పజెప్పి, అద్దంలో నా మొహం చూశారు. కాసేపాగి మళ్లీ చూశారు. అద్దం కాస్త నావైపు తిప్పుకుని మరీ చూశారు.

"రోడ్డు చూడండి మహానుభావా!" అన్నాను.

పాపం, ఆయన ఎటు చూస్తున్నారో మీ యంత్రానికి తెలియనే తెలియదు.

ఇట్లు,
వెనక సీటుకు బదిలీ అయిన
మీ నాన్నమ్మ