లెన్సు మూతలన్నీ మా చిట్టికి

ఈ వీధి చివర ఫోటో స్టూడియో నడుపుతూ, దాని పైఅంతస్తులోనే కాపురముంటూ, డెబ్బై ఒకటో ఏట పడిన నేను, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న కడపటి వీలునామా ఇది. నా మతి నిలకడగానే ఉంది. డాక్టరు పరీక్ష చేసి అదే మాట రాసిచ్చాడు, ఆ కాగితం దీనికి జతపరిచాను. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. వీలునామాలో ఆస్తుల సంగతి చాలు, మనసులో సంగతులెందుకని వకీలు నచ్చజెప్పిచూశాడు. ఫీజు ఇచ్చేది నేను కనక నా మాటే నెగ్గింది.

1. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అక్క కూతురికి అప్పగిస్తున్నాను. ఆమె బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లు ఆమె ముఖంలోకి చూడటానికి జంకుతారని విన్నాను. మా అమ్మాయి చిట్టి మాత్రం ఆమె పక్కన సోఫాలో పూటంతా కూర్చుంటుంది. ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోరు, ఇద్దరికీ ఏ లోటూ ఉండదు. నా తర్వాత చిట్టిని చూసుకుంటావా అని అడిగితే, అదేమిటి మావయ్యా, అది అడగాల్సిన మాటేనా అని నా మీదే కోప్పడింది. ఆ కోపం చూశాక నాకు నిద్ర పట్టింది.

2. చిట్టి నా ఒక్కగానొక్క కూతురు. వయసు ముప్పై రెండు. ఆటిజంతో పుట్టింది. మాటలు తక్కువ, ఇష్టాయిష్టాలు ఎక్కువ. నా స్వార్జితమైన పైఅంతస్తు ఇంటిని చిట్టి తన జీవితాంతం అనుభవించాలి. దాన్ని అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ ఎవరికీ హక్కు లేదు. బ్యాంకులో ఉన్న సొమ్ము మా మేనకోడలి అజమాయిషీలో చిట్టి ఖర్చులకే వాడాలి. గోడల రంగు మార్చకూడదు. మిక్సీ వేసేముందు చిట్టికి చెప్పి వేయాలి. ఇవి షరతుల్లా కనిపించకపోవచ్చు గానీ, షరతులే.

3. నా తమ్ముడికి స్టూడియోలోని పెద్ద తెర, అంటే కొండ, జలపాతం గీసి ఉన్నది, ఇస్తున్నాను. లేనిదాని ముందు నిలబడి ఉన్నట్టు కనిపించడం వాడికి చిన్నప్పటినుంచీ సరదా. వాడి పెళ్లికి మమ్మల్ని పిలుస్తూ, చిట్టిని తీసుకురావద్దన్నాడు. అందరి ముందూ ఏడుస్తుంది, ఫంక్షన్ పాడవుతుందన్నాడు. మేం ముగ్గురం వెళ్లలేదు. ఆ తర్వాత రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. నా కోపం న్యాయమైనదే అనుకునేవాణ్ని. కింది క్లాజు చదివితే, వాడి మీద కోప్పడే అర్హత నాకు లేదని తెలుస్తుంది. తెర మాత్రం వాడిదే, ఆ మాట వెనక్కి తీసుకోను.

4. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి ఈ ఊళ్లో ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి పెద్దదిక్కు ప్రెసిడెంటమ్మ. ఆమె కొడుకు చిట్టి ఈడువాడే. చిట్టికి ఎనిమిదేళ్లున్నప్పుడు, వీధిలోని షాపుల్లో విరాళాల డబ్బాలు పెట్టాలని సంఘం తీర్మానించింది. డబ్బా మీద అతికించడానికి ఒక ఫోటో కావాలన్నారు. ఫోటోగ్రాఫర్ని నేనున్నానుగా అని ముందుకొచ్చాను. చిట్టి నవ్వుతున్న ఫోటో పట్టుకెళ్లాను. ప్రెసిడెంటమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు ఆ ఫోటో నచ్చింది, ఆ సంగతి ఆమె కళ్లలోనే తెలిసింది. కానీ నవ్వే పిల్లకి డబ్బులెవరు వేస్తారండీ అంది. ఆమెను తప్పుపట్టను. అప్పటికే ఆమె ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో నాకు తెలుసు.

ఇంటికొచ్చి చిట్టిని స్టూడియోలో కూర్చోబెట్టాను. చిట్టికి లెన్సు మూతను నేల మీద బొంగరంలా తిప్పుకోవడమంటే ప్రాణం. ఆ మూత తిరుగుతున్నంతసేపూ లోకంతో పనిలేదు. ముందు లైటు సరిచేసుకున్నాను. ఫోకస్ కుదుర్చుకున్నాను. అన్నీ సిద్ధం చేసుకున్నాక, వంగి ఆ మూత లాక్కుని జేబులో వేసుకున్నాను. చిట్టి ఏడ్చింది. ఎడమ చెంప మీద ఒక కన్నీటి చుక్క ఆగింది. అది జారకముందే నొక్కాను. ఇన్నేళ్ల వృత్తిలో నేను తీసినవాటన్నిటిలోకీ అందరూ మెచ్చుకున్న ఫోటో అది. మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయాను కూడా. ఆ ముక్క రాయించేటప్పుడు వకీలు కలం ఆపి నావంక చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

5. నా భార్య కన్నుమూసి ఆరేళ్లయింది, ఆమెకు నేనివ్వగలిగిందేమీ లేదు. ఫోటో కడిగి ఆరబెట్టిన రోజు ఆమె దాన్ని చూసి, "పిల్ల ఏడుపు మీకంత అందంగా కనబడిందా?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె మళ్లీ ఆ ప్రస్తావన తీసుకురాలేదు. స్టూడియోలో అడుగు కూడా పెట్టలేదు. అన్నానికి పిలవాలన్నా మెట్ల మీదినుంచే పిలిచేది. ఆమె చీరలు, కుట్టుమిషను మా మేనకోడలికి చెందాలి. ఆమె కళ్లజోడు మాత్రం అలమారలో ఉన్నచోటే ఉండాలి. చిట్టి రోజూ అది ఉందో లేదో చూసుకుంటుంది.

6. ఆ డబ్బాలు సంఘాన్ని నిలబెట్టాయి. మాట్లాడటం నేర్పే టీచరమ్మ జీతం, మేడ మీద అద్దెకు తీసుకున్న గది, అన్నీ వాటి పుణ్యమే. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘంలోని తల్లులు వంతులేసుకుని చిట్టి దగ్గర కూర్చున్నారు. అందుకే ఆ ఫోటో మీద ఎవరేమన్నా నేను నోరెత్తలేదు. వీధిలో చిట్టిని డబ్బా పిల్ల అన్నారు. చిల్లర వేసి, పక్కనే నడుస్తున్న చిట్టిని చూసి అయ్యో అని నాలుక చప్పరించారు. దాన్ని కూడా అభిమానమే అనుకుని సరిపెట్టుకున్నాను.

చిట్టి ప్రతి ఉదయం బేకరీ, మందుల షాపు, టైలరు షాపు వరసగా తిరిగి వస్తుంది. వెళ్లిన చోటల్లా చున్నీ కొసతో డబ్బా తుడుస్తుంది. శుభ్రమంటే ఇష్టం కదా అని మురిసిపోయేవాణ్ని. ఏడాది తిరిగేసరికి ప్రతి ఫోటోలోనూ చెంప దగ్గర రంగు పోయి తెల్లమచ్చ పడేది. ఎండకి వెలిసిందనుకున్నాను. కాగితం నాసిరకమని అమ్మినవాణ్ని నానా మాటలూ అన్నాను. ఏటా కొత్తగా ప్రింటు వేసి నా చేతులతోనే అతికించాను. పోయిన నెల మందుల షాపతను నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయి దుమ్ము తుడవడం లేదండీ. ఎప్పుడు చూసినా ఆ చెంప ఒక్కటే తుడుస్తుంది," అన్నాడు.

కౌంటరు మీది డబ్బాను దగ్గరికి తీసుకుని చూశాను. ఏడాది పొడుగునా తుడిచి తుడిచి నా కూతురు పోగొట్టిన కన్నీటిని, ఏడాదికోసారి నేనే మళ్లీ తెచ్చి అంటించాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ డబ్బాలు ఇప్పటికీ షాపుల్లోనే ఉన్నాయి. ఫోటో పీకేస్తే విరాళాలు పడిపోతాయి, ఆ మేడమీది గది మూతపడితే మిగతా పిల్లల గతేమిటి? ఆ భయంతో నెల రోజులుగా చేతులు ముడుచుకుని కూర్చున్నాను. అదీ సిగ్గుచేటే.

7. అందుకని కింది అంతస్తు, అనగా స్టూడియో గదిని, దాని వెనక ఫోటోలు కడిగే చీకటి గదిని, సర్వహక్కులతో సంఘానికి రాసిస్తున్నాను. అద్దె తప్పుతుంది, పిల్లలకి ఆ మేడమీది గది నిటారు మెట్లూ తప్పుతాయి. చీకటి గదిలో కొత్తగా లైట్లేమీ పెట్టనక్కర్లేదు. గోల భరించలేని పిల్లలు కాసేపు కూర్చోవడానికి అలాగే బాగుంటుంది, చిట్టికి బాగుండేది. ఇందుకు ఒకటే షరతు. ఈ వీలునామా అమల్లోకి వచ్చిన రోజే డబ్బాల మీద ఫోటోలు తీసేయాలి, నెగెటివు కాల్చేయాలి. ఇకముందు ఏ పిల్ల ఏడుపునూ, ఏ పిల్లవాడి ఏడుపునూ సంఘం వాడుకోకూడదు. వాడుకుంటే ఈ గదులు మా మేనకోడలికి దఖలుపడతాయి. ఏడుపు ముఖమే కావాలంటే నాది వేసుకోండి. అందుకు నా దగ్గర ఎవరూ ఏమీ లాక్కోనక్కర్లేదు.

8. ప్రెసిడెంటమ్మకు చిట్టి నవ్వుతున్న ఆ మొదటి ఫోటో ఇస్తున్నాను. ఆమె ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రమే.

9. నా దగ్గరున్న లెన్సు మూతలన్నీ, చిన్నవీ పెద్దవీ, చిట్టికి చెందాలి. ఆ రోజు లాక్కున్న మూతను ఇన్నేళ్లూ సొరుగులో దాచాను. పోయిన ఆదివారం దాన్ని చిట్టి చేతిలో పెట్టాను. పెట్టి ఊరుకోక, నా బుద్ధి పోనిచ్చుకోక, డబ్బాల మీదికి ఒక నవ్వు ఫోటో తీద్దామని ఎదురుగా కెమెరా బిగించాను. చిట్టి మూతను తిప్పి తిప్పి చూసింది. లేచి వచ్చింది. దాన్ని లెన్సు మీద పెట్టి, టక్కుమనేదాకా నొక్కింది. నేను కెమెరా మీదినుంచి కన్ను తీసేదాకా చెయ్యి తీయలేదు. కనక డబ్బాల మీద చిట్టి ఫోటో ఏదీ వద్దు, నవ్వేది కూడా వద్దు. ఈ క్లాజు నాది కాదు, చిట్టిది. దీన్ని మార్చే అధికారం నాకు కూడా లేదు.

పైన రాయించినదంతా చదివించుకుని, విని, ఒప్పుకుని చేవ్రాలు చేస్తున్నాను. మందుల షాపతనికీ, టైలరమ్మకీ ఏమీ రాయలేదు. రాస్తే సాక్షులుగా పనికిరారని వకీలు చెప్పాడు, వాళ్లు సాక్షులుగానే ఉంటామన్నారు. నేను సంతకం చేసేవేళకు చిట్టి నేల మీద మూత తిప్పుతోంది. అది తిరిగి తిరిగి ఆగేదాకా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

తేదీ: రెండువేల ఇరవై నాలుగు, జులై పంతొమ్మిది, శుక్రవారం

(సంతకం)
స్టూడియో యజమాని, చిట్టి నాన్న

సాక్షులు:
1. (సంతకం) మందుల షాపు యజమాని
2. (సంతకం) ఎదురింటి లేడీస్ టైలరు