వాల్వ్ ట్యూబు ముక్క

ఫిబ్రవరి 2, ఆదివారం

మళ్ళీ వాసుగాడే. మూడుసార్లు నా తోక కోశాడు. నేను వాడిది ఒక్కసారి... అదీ వాడు దిగబోతుంటే.

రిమోటు విమానం వెనక ఆరు మూరల ముడత కాగితం. మన ప్రొపెల్లర్‌తో ఎదుటివాడి కాగితం కోయాలి, అంతే ఆట. కోటయ్య తన చేను గట్టు మీద నిలబడి ఊరంతటికీ వినపడేట్టు కేకేశాడు. "మాస్టారూ, మీ తోక ఇంక జానెడే ఉందండోయ్!" అందరూ నవ్వారు. వాసు నవ్వలేదు. వాడూ నవ్వితే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

వాడికి రిమోటు పట్టుకోవడం నేర్పింది నేను. రెండేళ్ళ కిందట, ఈ పత్తి చేలోనే, కట్టె పీకేశాక. విమానం మన వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి — అది వాడికి ఎంతకీ ఎక్కేది కాదు. "నీ ఎడమ కాదురా, దాని ఎడమ!" గొంతు పోయేలా అరిచేవాణ్ణి. ఇప్పుడు ఏకు మేకైంది.

ఫిబ్రవరి 4

స్కూలు నుంచి వచ్చేసరికి సునీత ముఖం వెలిగిపోతోంది. "వాసన్నయ్య కొత్త విమానం చూపించి వెళ్ళాడండీ. రెక్కల మీద రేకు మేకులు కూడా బాల్‌పెన్నుతో గీశాడు. ఎంత ఓపికో!"

వాడి జీరో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాను విమానం. తెల్ల థర్మోకోల్, పైన పల్చటి కాగితం, బూడిద రంగు, ఎర్ర సూర్యుడు. నిజం విమానమే కుంచించుకుపోయి వచ్చి మా అరుగు మీద వాలినట్టుందట.

నా హరికేన్, అదే యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ విమానం, సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటుతో చేసింది. ఎన్నికలప్పటి బోర్డు. ఎడమ రెక్క కింద ఎవరో నాయకుడి సగం మీసం, ఒక చెయ్యి ఇంకా కనపడుతున్నాయి. పైకెగిరితే దండం సగంలో ఆగిపోయినట్టుంటుంది. "మీదీ బానే ఉందిగా" అంది సునీత. ఆ 'గా' నాకు వినపడింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాలుగింటికి ఎగరేశాం. రెండుకి రెండు వాడివే.

అయ్యాక నా దగ్గరికొచ్చి మెల్లగా — "ముక్కులో కాస్త బరువు పెట్టరా జోసఫ్. మలుపులో తోక జారుతోంది." డిగ్రీలో నా పక్క బెంచీలో కూచుని ఫిజిక్స్ రికార్డు నాది చూసి రాసినవాడు. శివాలయంలో అర్చన చేసుకునేవాడు. బరువు గురించి నాకు చెప్తాడా? తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పేది నేను.

ఫిబ్రవరి 11

ముక్కులో రెండు నట్లు పెట్టాను. బ్రహ్మాండంగా తిరుగుతోంది.

కడుపు మండిపోతోంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ నాది ఒకటి, వాడిది ఒకటి. ఎగరేసే ముందు మా రూలు ప్రకారం విమానాలు మార్చుకున్నాం. ఎవడి పని వాడి కంటికి తప్పుగా కనపడదు కాబట్టి, వాడి విమానం నేను చూడాలి, నాది వాడు చూడాలి. రెక్క పలకలు, తీగలు, బ్యాటరీ — అన్నీ వేళ్ళతో తడిమి, "సరే" అని, ఎదుటివాడి విమానాన్ని మనమే గాల్లోకి విసరాలి. "సరే" అననిదే ఎగరదు. ఈ రూలు పెట్టింది నేనే. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

తెలిసినవాడు చేసిన పని వేళ్ళకి తెలుస్తుంది. వాడి విమానంలో ఎక్కడా ఒక్క గరుకు లేదు. తడిమిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఏప్రిల్లో గుంటూరులో పెద్ద పోటీ. మా వైపు నుంచి ఒక్కరికే చోటు. వచ్చే ఆదివారం వాసుకీ నాకూ మధ్య తేల్చేస్తానన్నాడు కోటయ్య. చేను ఆయనది, తీర్పూ ఆయనదే.

నేను వెళ్ళాలి. ఈ ఒక్కటి నాకు కావాలి. ఈ దర్శిలో సన్‌ప్యాక్ షీటు కోసి మొదటి విమానం ఎగరేసింది నేను. పిచ్చి మాస్టారు అన్నారు, పడ్డాను. ఇప్పుడు అందరూ ఎగరేస్తుంటే గుంటూరుకి వాడా?

ఇంట్లో చెప్తే సునీత అంది — "అన్నయ్యే వెళ్తాడేమోలెండి. మీరూ తోడు వెళ్ళండి." తోడట.

ఫిబ్రవరి 26

శివరాత్రి. గుడి ముందు నుంచి బండి మీద వచ్చాను. క్యూ రోడ్డు దాకా ఉంది. లోపల వాసు తడిపంచెతో బిందెలు మోస్తున్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదట. ఆదివారానికి కళ్ళు తెరవలేడనుకున్నాను. సంతోషం వేసింది. రాసుకుంటున్నాను, ఎవరూ చదవరు కదా.

మార్చి 1

వాసు ఫోన్. "కళ్ళు మంటలు ఎత్తుతున్నయ్‌రా. కుడి రెక్క తీగ ఇప్పుడే మార్చా. ఏం చేశానో నాకే తెలియట్లా. రేపు నువ్వు కాస్త శ్రద్ధగా చూడు."

చూస్తానన్నాను.

మార్చి 2, ఆదివారం

చూశాను.

మార్చి 3

నిన్నటిది రాయాలి.

జీరో నా చేతుల్లో ఉంది. ఎడమ రెక్క తడిమాను. తోక తడిమాను. కుడి రెక్క. అక్కడ నా వేలు ఆగింది. రెక్క పలకని కదిపే తీగ కొసన ఉండే కొక్కెం జారకుండా దాని మీదికి ఒక చిన్న రబ్బరు ముక్క ఎక్కిస్తాం — సైకిలు వాల్వ్ ట్యూబు ముక్క, వడ్లగింజంత. అది లేదు.

రెండు క్షణాలు. అంతకంటే ఎక్కువ లేదు. వాసు నా వంకే చూడటం లేదు, కళ్ళు నులుముకుంటున్నాడు. మహా అయితే పత్తి చేలో పడుతుంది, థర్మోకోలే కదా విరిగేది... అనుకున్నానా? అనుకున్నట్టే గుర్తు. అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానేమో.

"సరే" అన్నాను. విసిరాను.

మొదటి మలుపులోనే కొక్కెం జారింది. కుడి రెక్క వాలింది. విమానం చేలోకి పడలేదు. కల్లం వైపు తిరిగింది. అక్కడ మిరపకాయలు ఆరబోసి ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతున్నారు. వాసు రిమోటు పట్టుకుని "లేవండే! లేవండే!" అని అరుస్తున్నాడు. మా చర్చి మార్తమ్మ తలగుడ్డ ఎగిరిపోయింది. విమానం ఆమె చెవి పక్క నుంచి పోయి మిరప రాశిలో దిగబడింది. ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతోంది. ఘాటు ఎర్రగా లేచింది. ఒకటే దగ్గులు, తుమ్ములు, ఏడుపులు.

వాసు చెప్పుల్లేకుండా ఆ కాయల మీద పరుగెత్తాడు. మార్తమ్మ చెవి మీద సన్నటి నెత్తుటి గీత. ఆమె రెండు చేతులూ పట్టుకుని కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి — ఘాటుకో, ఏడుపుకో. "ఏం కాలేదులేయ్యా, లెగు, నన్ను ముట్టుకుంటావేంది పూజారివి" అని ఆమే వాణ్ణి ఓదారుస్తోంది.

తర్వాత ముక్కలు ఏరుకుంటూ కొక్కెం చూశాడు. "ట్యూబు ముక్క వెయ్యటం మర్చిపోయానురా. నీకూ కనపళ్ళా?"

"లేదు" అన్నాను.

"ఎట్టా కనపడుద్దిలే, అంత చిన్నది."

కోటయ్య తీర్పు — ఇక గుంటూరుకి మాస్టారే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ వాసు చుట్టూ ఉన్నారు. అప్పుడు కూడా నాకు అదే కనిపించింది. ఏం మనిషిని నేను!

మార్చి 5

భస్మ బుధవారం. ఈస్టరు ముందు నలభై శ్రమదినాలు మొదలు. తలనొప్పి అని ప్రార్థన కూడికకి వెళ్ళలేదు.

మార్చి 9, ఆదివారం

ఆరాధనలో సాక్ష్యాల వేళ మార్తమ్మ లేచింది. చెవి మీద ప్లాస్టరు.

"సంఘానికంతా వందనాలండీ. నా దేవుడు వెంట్రుకవాసిలో నన్ను తప్పించాడు. ఆ పూజారిగారబ్బాయి నాలుగు రోజులు మా గడపలోకొచ్చి మందు రాశాడు. తప్పంతా నాదేనమ్మా అంటాడు. ఆ బిడ్డ కోసరం ప్రార్థన చెయ్యండి. మన మాస్టారూ ఆ రోజు ఆడే ఉన్నాడు, మనిషి కొయ్యబారిపోయాడు పాపం."

అందరూ నా వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా ఉండటానికి పాటల పుస్తకం గట్టిగా పట్టుకున్నాను. పాస్టరుగారు వాసు పేరు పెట్టి ప్రార్థన చేశారు. చుట్టూ ఆమెన్, ఆమెన్.

నా చర్చిలో కూడా వాడి పేరే. కళ్ళు మూసుకుని నేను తలుచుకున్నది ఇదీ.

మార్చి 12

వాసు వచ్చాడు, అట్టపెట్టె మోసుకుని. మోటార్లు, బ్యాటరీలు, రెక్క పలకలు తిప్పే సర్వోలు, అన్నీ. "గుంటూరులో నీకు పనికొస్తయ్. నేనింక ఎగరెయ్యనురా. రిమోటు పట్టుకుంటే ఆవిడ తలే కనపడతంది."

వద్దనాలి. వద్దనలేదు. మోటార్లు మంచివి.

సునీత కాఫీ ఇచ్చి, వాడు వెళ్ళాక కళ్ళు తుడుచుకుంది. "ఎవరైనా మర్చిపోతారుగదండీ. మీరు కాస్త గట్టిగా చెప్పొచ్చుగా, మానొద్దని." చెప్తానన్నాను.

పెట్టె అడుగున కర్పూరం డబ్బా. మూత తీస్తే వాల్వ్ ట్యూబు ముక్కలు, అన్నీ ఒకే కొలతకి కోసినవి. నిండుగా. కర్పూరం వాసనే వస్తున్నాయి.

మార్చి 16, ఆదివారం

ఒక్కణ్ణే ఎగరేశాను. తోక కోయడానికి ఎదురుగా ఎవరూ లేరు. విసరడానికి కూడా. నేనే చూసుకున్నాను, నాకు నేనే "సరే" అనుకున్నాను, కోటయ్య పాలేరుతో విసిరించాను. కల్లంలో ఆడవాళ్ళు మోటారు చప్పుడు వినగానే లేచి చింతచెట్టు కిందికి వెళ్ళిపోయారు. అయిదు నిమిషాల్లో దించేశాను.

మార్చి 19

చెప్పేద్దామని గుడికి వెళ్ళాను. వాసు మెట్లు కడుగుతున్నాడు. "ఏరా, ఇట్టా వచ్చావు?" అని చీపురు పక్కన పెట్టి, తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, కొబ్బరి చిప్ప చేతిలో పెట్టాడు. గుంటూరు ఏర్పాట్లు అడిగాడు. గాలి ఎటు నుంచి వస్తుందో ముందే చూసుకోమన్నాడు. కొబ్బరి తిన్నాను. వచ్చేశాను.

చెప్తే ఏమవుతుంది? క్షమిస్తాడు. అదే నేను భరించలేను. ఇప్పటికే అన్నిట్లో పైన ఉన్నాడు, ఇంకో మెట్టు ఎక్కుతాడు.

మార్చి 22

రేపు వచ్చి నా హరికేన్ ఒకసారి చూసి విసరమని వాసుని అడిగాను. "చూట్టానికైతే వస్తా" అన్నాడు.

ఇప్పుడే కుడి రెక్క తీగ దగ్గర వాల్వ్ ట్యూబు ముక్క తీసేశాను.

వాడు చూసి కూడా "సరే" అంటే? అప్పుడు ఇద్దరం ఒకటే. పగలు పదిసార్లు అనుకున్నాను, వాడు "సరే" అనాలి అని. ఎదురుగా మార్తమ్మ వాళ్ళు ఉండరు, కోటయ్యని అడిగి తెలుసుకున్నాను, రేపు కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోతాయి. పడితే నాదే పడుతుంది. పడనీ.

మార్చి 23, ఆదివారం

వాసు వచ్చాడు. విభూతి రేఖలు చెమటకి చెదిరి ఉన్నాయి. హరికేన్‌ని రెండు చేతులా తీసుకున్నాడు. నాయకుడి సగం మీసం చూసి కొంచెం నవ్వాడు, చాలా రోజుల తర్వాత.

ఎడమ రెక్క తడిమాడు. తోక. బ్యాటరీ. కుడి రెక్క.

నా వేలు ఆగిన చోటే వాడి వేలు ఆగింది.

తల ఎత్తలేదు. చొక్కా జేబులో వెతికి ఒక ముక్క తీశాడు. డబ్బా నాకిచ్చేసినా ఒకటి దాచుకున్నాడన్నమాట. నాలుకతో తడిచేసి, కొక్కెం మీదికి ఎక్కించి, తీగ రెండుసార్లు లాగి చూశాడు.

"ఇది లేదురా."

"అవునా" అన్నాను.

"చిన్నదే" అన్నాడు. ఇంకా రెక్క వంకే చూస్తున్నాడు. "కంటికి ఆనదు గానీ, వేలు పెడితే తెలిసిపోద్ది."

అంతే అన్నాడు. మామూలుగా అన్నాడా, నన్ను అన్నాడా? ఆ మాట పొద్దుటి నుంచి — కాదు, సాయంత్రం నుంచి — వందసార్లు విన్నాను లోపల. ఒక్కోసారి ఒక్కోలా ఉంది.

విమానం తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. "విసరనా?"

రిమోటు మీద నా బొటనవేలు కదల్లేదు.

"విసరనా జోసఫూ?"

"గాలి ఎక్కువైందిరా. ఇవాళ వద్దులే" అన్నాను.

గాలి చూసుకోవడానికి గట్టు మీద కర్రకి కోటయ్య కట్టిన ఎర్రగుడ్డ ఉంది. కదలకుండా వేలాడుతోంది. వాసు దాని వంక చూశాడు. నా వంక చూశాడు. హరికేన్‌ని మెల్లగా కిందికి దించి నా చేతుల్లో పెట్టాడు.

"సరే" అన్నాడు.