మెషిన్ ముట్టని డాన్సు పాట

సోమవారం, పొద్దున
ఇవాళ్టి నుంచి కొత్త జీవితం!
ఇన్నేళ్ళూ సబ్బులకీ తలనొప్పి మాత్రలకీ ప్రకటనల పాటలు కట్టాను. చాలు. సొంతంగా ఒక డాన్సు పాట చేసి విడుదల చేస్తున్నాను. నియమం ఒక్కటే: మెషిన్ ముట్టకూడదు. డ్రమ్ములు మనిషే కొట్టాలి. చప్పట్లు మనుషులవే. తాళం కాస్త అటూ ఇటూ అయినా కంప్యూటర్లో దిద్దకూడదు. ఇప్పుడొస్తున్న పాటలున్నాయే, అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు. వాటికి జనం ఎలా ఊగుతున్నారో ఆ దేవుడికే తెలియాలి.
అసలు కారణం ఇక్కడైనా రాసుకోవాలిగా. మా అమ్మాయి స్కూల్లో డాన్సు జట్టుకి లీడరు. ఎవరెవరి పాటలకో ఆడుతుంది. నా పాటకి ఆడవా అని నిన్న అడిగాను. "నీ పాట వింటే సబ్బు కొనాలనిపిస్తుందమ్మా, ఆడాలనిపించదు" అంది. నవ్వేశాను. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.
ఆడిస్తానే! చూస్తూ ఉండు.

మంగళవారం
ట్యూను కుదిరింది! నాకే కాలు ఆగలేదు. డ్రమ్ములు, నా గొంతు రికార్డు చేసేశాం.
సౌండ్ ఇంజనీరుకి నేను పెట్టుకున్న పేరు కొలబద్ద. ఏ శబ్దమైనా గీత మీద నిటారుగా నిలబడకపోతే వీడికి అన్నం సయించదు. "మేడమ్, డ్రమ్ములు మెషిన్‌లో పెట్టేద్దాం, ఈ తిప్పలన్నీ ఎందుకు?" అన్నాడు. నా నియమం చెప్పాను. జాలిగా చూశాడు. నీ జాలి నీ దగ్గరే పెట్టుకో నాయనా.

బుధవారం
చప్పట్ల రికార్డింగు. మా వంటింట్లో, అక్కడ బాగా మోగుతుందని. కొట్టినవాళ్ళు: నేను, మా ఆయన, అత్తగారు. అమ్మాయి రానంది. గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంది.
మా ఆయన గ్యాసు బండ మోస్తున్నంత కష్టపడి కొట్టారు. అత్తగారు మాత్రం అందరం కొట్టి ఆపాక, కాస్త ఆలోచించుకుని, అప్పుడు ఒక్కటి కొడతారు. చప్! ప్రతిసారీ!
"అత్తయ్యా, మాతోపాటే కొట్టాలండీ."
"మీరు కొట్టింది వినకుండా నేనెలా కొడతానమ్మా?"
పెళ్ళయ్యాక ఈవిడ నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి. అదీ తాళం తప్పి.
అన్నీ కలిపి, ఎలా ఉందో వినమని ఇంట్లో అందరికీ ఫోన్లో పంపాను.

శుక్రవారం
ఆ "చప్" నా ప్రాణం తీస్తోంది. పల్లవి అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపు, చప్! "దిద్దేయమంటారా మేడమ్?" అన్నాడు కొలబద్ద. ఆ ఒక్కటే కదా. దాన్ని నియమం తప్పడం అనరు, శుభ్రం చేయడం అంటారు. రోజూ ఇల్లు ఊడ్చుకోమా?
దిద్దాడు.

శనివారం
అత్తగారిది సరిచేస్తే మా ఆయనవి వంకరగా వినిపించాయి. అవి సరిచేస్తే డ్రమ్ములాయన తాగొచ్చాడేమో అనిపించింది. పాపం, ఆయన కాఫీ తప్ప ముట్టడు. మొత్తం మెషిన్‌లో పెట్టించాను, నా గొంతుతో సహా. నియమం సంగతా? దాని ఉద్దేశం మంచిదే. ఎవరు కాదన్నారు?
కొలబద్ద ఈల వేసుకుంటూ పనిచేశాడు. వాడి మొహంలో ఆ వెలుగు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం: విడుదల!
మధ్యాహ్నం: ఎవరూ వినలేదు. సెలవు కదా, పడుకుని ఉంటారు.
సాయంత్రం: మొదటి కామెంటు. "ఏ సబ్బండీ ఇది?"
రెండోది: "చాలా బాగుంది అక్కా." రాసింది మా ఆయన, దొంగ పేరుతో. మొగుడని తెలియకూడదని అక్కా అన్నారట!
అమ్మాయిని అడగను. అస్సలు అడగను. అడిగాను. "విన్నానమ్మా. నీట్‌గా ఉంది" అంది. నీట్‌గా! ఇస్త్రీ బట్టలకి చెప్పే మాట.

బుధవారం
స్కూలు డాన్సు మాస్టారు ఫోను. "మీ పాటకి పిల్లలు ఇరగదీస్తున్నారండీ, వచ్చి చూడండి!" చెప్పులు కూడా చూసుకోకుండా పరిగెత్తాను. హాల్లో మా అమ్మాయి జట్టు. పాట మొదలైంది. నాదే. కానీ కొలబద్ద తోమిన పాట కాదు, నేను ఫోన్లో పంపిన వంటింటి పాట! చప్పట్లు ఆగాయి. పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అత్తగారి "చప్" పడింది. అందరి భుజాలూ ఒక్కసారి ఎగిరాయి. చూసేవాళ్ళు ఈలలు, కేకలు.
"విడుదల చేసింది ఇది కాదు కదే?" అన్నాను.
"అందులో ఆగడానికి చోటెక్కడుందమ్మా? నానమ్మ చప్పుడు తీసేశావుగా. దానికోసమే మేం ఆగేది."
నా కూతురు నా పాటకి ఆడింది. నేను చెత్తబుట్టలో వేసిన పాటకి. మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను, ఈసారి స్కూలు బాత్రూంలో.

గురువారం
ఇవాళ్టి నుంచి కొత్త జీవితం! రెండో పాట. మెషిన్ ముట్టేది లేదు, ఒట్టు!
మళ్ళీ వంటిల్లు. అమ్మాయి గుమ్మం దాటి లోపలికొచ్చి నా పక్కన నిలబడింది, తనంతట తనే. అందరం కొట్టాం. అత్తగారి "చప్" కోసం ఊపిరి బిగబట్టాం.
రాలేదు. ఆవిడ మాతోపాటే కొట్టేశారు! వెంట్రుకవాసి తేడా లేదు.
"పొద్దుట్నుంచీ సాధన చేస్తున్నానమ్మా. ఇక నా వల్ల నీకు మాట రాదు" అన్నారు. ఆ మొహం చూశాక మళ్ళీ ఆలస్యంగా కొట్టమని ఎలా అడగను?
కొలబద్దకి ఫోను చేశాను. ఒక్క చప్పుడు, ఒక్కటంటే ఒక్కటి, కాస్త ఆలస్యంగా పడేలా జరపగలవా అని.