తుడవని ద్రాక్ష

మార్చి 14, శనివారం

మళ్లీ బూజు. మంగళవారం కోసినవి, నాలుగు రోజులు ఆగలేదు. పైనుంచి చూస్తే నున్నగా మెరుస్తున్నాయి... గుత్తి విడదీస్తే లోపలంతా బూడిదరంగు నూగు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మా ఆయన గంపలోకి తొంగిచూశాడు. "ఈస్టర్ దాంక ఉంచి సూపియ్యి రూతూ. లేకుంటె పందిరి పీకేపిస్త, చెరుకు పెడ్త." ట్రాక్టరు వాడికి ఈస్టర్ తెల్లారి రమ్మని అప్పుడే ఫోన్ చేసేశాడట. పెళ్లయిన ఏడాది నా చేత్తో పాతిన తీగలు అవి. ఎలా ఊరుకుంటాను?

కోశాక మందు పొగ పెడితే నిలుస్తాయంటారు. చర్చిలో పెట్టేది, పిల్లలు తినేది... నాకు మనసొప్పదు.

మార్చి 15

చర్చికి వెళ్లాను. మోకాళ్ల మీద ఉన్నాను గాని ధ్యాసంతా బూజు మీదే.

మార్చి 16

ఖేడ్ టౌనుకు వెళ్లాను. బస్టాండు దగ్గర చాంద్‌బీ పండ్ల బండి. అంత ఎండలో ఆమె ద్రాక్ష ఎలా నిలుస్తుందో ఈ రోజు అడిగేశాను. నా సంచిలోని గుత్తి తీసి చూసి నవ్వింది.

"దీనికి తానం జేపిచ్చినవా బిడ్డా?"

"తడిబట్టతోని తుడిచిన. మందు పోవాలె గదా."

"తెల్లపొడి మందు గాదు. పండు సొంతంగ కప్పుకునే దుప్పటి. అది తీసేస్తె తడి లోపలికి జొస్తది. నీళ్లు తాకనియ్యకు."

బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. దేవుని ముందు పెట్టే మొదటి గంపను కాయ కాయా తడిబట్టతో తుడిచి మెరిపించడం మా అత్త పద్ధతి. ఒక్క గంపకే ఎందుకని నేనే అన్ని గంపలూ తుడవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ నా చేత్తో నేనే పాడుచేసుకున్నానన్నమాట. సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

మార్చి 17

పరీక్ష. రెండు బుట్టలు, రెండూ తుడవనివే. ఒకదాంట్లో మాత్రం పచ్చి వేపాకు పరిచాను. పురుగు పట్టదు కదా, బూజూ పట్టదని... నా సొంత తెలివి.

మార్చి 20

నా సొంత తెలివికి బూజు పట్టింది. ఆకు చెమ్మ వదిలింది, ఆకు తగిలిన కాయలన్నీ పోయాయి. రెండో బుట్ట — ఏమీ కాలేదు. రెండుసార్లు చూశాను. ఏమీ కాలేదు.

మార్చి 24

అసలు కోత. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు. కాడ పట్టుకుని కత్తెరతో కోయడం, కాయను ముట్టకపోవడం. పగిలినవి అక్కడే ఏరేయడం. నీడలో ఓ పూట చాప మీద ఆరబెట్టి, ఎండు జొన్నచొప్ప పరిచి ఒకే వరుసగా పేర్చాను. రెండు గంపలు. వెనక గది కిటికీలకు తడి గోనెలు — గది చల్లబడాలి, గంపకు మాత్రం చుక్క తగలకూడదు.

అత్త తడిబట్ట పట్టుకుని వచ్చింది. "దేవుని గంపనన్న తుడువనియ్యి. దుమ్ము గొట్టుకపోయినట్టున్నయ్."

"ఆ పొడి మనం పూసింది గాదత్తా. దేవుడు పూసిండు."

బట్ట గోడకేసి కొట్టి వెళ్లిపోయింది. రాత్రి అన్నం తినలేదు.

మార్చి 27

రోజూ ఓసారి చూస్తున్నాను. మెత్తబడితే కత్తెర. ఈ రోజు మూడు కాయలు.

మార్చి 29

మట్టల ఆదివారం. అయిదు రోజులు, బూజు లేదు. అత్తతో మాటలూ లేవు. అయినా నేను వెళ్లేసరికి కిటికీ గోనెలు తడిపి ఉన్నాయి. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 2

ఒక గుత్తి నడుమ నూగు. గుత్తంతా తీసేశాను. పక్కవి శుభ్రంగానే ఉన్నాయి. ఆయన గుమ్మంలో నిలబడి —

"పోయినయా?"

"ఒక్కటే."

గంపలోకి వంగి చూసి వెళ్లాడు.

ఏప్రిల్ 5

ఈస్టర్. పన్నెండు రోజులు. కాడలు వాడాయి, కాయలు గట్టిగా ఉన్నాయి, తెల్లపొడి చెదరకుండా అలాగే ఉంది. ఒక గంప అత్తే నెత్తిన పెట్టుకుని చర్చికి నడిచింది. ఆడవాళ్ల వరుసలోంచి ఎవరో, "ఏంది సారమ్మా, ఈసారి తుడువలేదా?"

"దేవుడు పూసింది తుడుస్తరా ఎవలన్న?" అంది అత్త. నా వైపు చూడనే లేదు. నా కళ్లు నిండాయి.

ఆరాధనయ్యాక అందరికీ పంచాం. ఆయన రెండు కాయలు తిన్నాడు. కాసేపాగి మూడోది. ట్రాక్టరు మాట నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 6

పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు. చేతిలో పని వదిలేసి ఉరికాను. పందిరి పక్కనే ఆగి ఉంది. ఆయన డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి —

"ఇంకొక గంప ఉంది గదా, ఎనుక అర్రల?"

"ఉంది."

"గా గంప ఎవ్వలకు పంచకు. ఇంకొక వారం ఉండనియ్యి, చూద్దాం." తర్వాత డ్రైవరుతో, "ముందుగాల గా కంది చేను దున్ను. దీని సంగతి తర్వాత చెప్త."

తర్వాత... ఒక వారం. ఎండలు రోజురోజుకూ ముదురుతున్నాయి. గోనెలు తడుపుదామని బిందె తీసుకుని వెనక గదికి వెళ్లాను. కిటికీ గోనెల నుంచి నేల మీదికి అప్పటికే నీళ్లు కారుతున్నాయి. గుమ్మం పక్కన అత్త బిందె, ఖాళీగా.