తొమ్మిది పేర్ల రిజిస్టరు

పద్మారావు నగర్, సికింద్రాబాద్
19 ఆగస్టు 1996

ప్రియమైన తమ్ముడు రిచర్డ్‌కు,

ప్రభువు నిన్నూ డోరానూ పిల్లలనూ చల్లగా చూడాలని కోరుతూ అన్న యెషయా రాస్తున్నది. విశాఖలో మీరంతా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది, సంతోషం. ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. ఆ తర్వాత అందరం క్షేమం అని రాయడం ఇన్నేళ్ళ అలవాటు. ఈసారి ఆ మాట రాయబోయి కలం ఆపాను. మన బైండింగు షాపులో పన్నెండుమంది పనివాళ్ళు. పదకొండుమంది క్షేమం.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆఫీసు మెమోలాగా నంబర్లు వేసి నాలుగు ప్రశ్నలు అడిగావు. నేను మాటకారిని కాను, నీకు తెలుసు. అందుకే ఫోనులో నువ్వు కేకలేస్తున్నప్పుడు ఊరుకున్నాను. కాగితం మీద ఊరుకోను. మొదటి మూడింటికీ వరసగా జవాబిస్తాను. ఆ రోజు షాపులో కేకేసింది ఎవరన్న నాలుగో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను.

బాలమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగావు. కుడి బొటనవేలు మొదటి కణుపు దాకా పోయింది. చూపుడువేలు మొత్తం పోయింది. పుండు మానుతోంది. కట్టు మార్చడానికి అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వస్తోంది. మీ వదిన ఎలీసబెతు రోజూ అల్వాల్ వెళ్ళి, అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతోంది. ఎడమ చేత్తో తినడానికి బాలమ్మ ఒప్పుకోవడం లేదు. కాగితాలు మడిచే మనిషికి బొటనవేలంటే ఏమిటో నీకు విడిగా రాయాలా? మడత మీద ఆ వేలితో ఒక్క గీత గీస్తే కాగితం ఇక విచ్చుకోదు. పదమూడేళ్ళు ఆ గీతే ఆమె బతుకు. నీ పెళ్ళి కార్డులు నాలుగు వందలు మడిచి కవర్లలో పెట్టిందీ ఆ వేలితోనే. "ఆమె పీస్ రేటు మనిషి, మన మనిషి కాదు" అని రాశావు. ఆ వాక్యం మీ వదినకు చదివి వినిపించలేదు. వినిపిస్తే నువ్వు ఈ ఇంట్లో మళ్ళీ భోజనం చేయలేవు.

రెండో ప్రశ్న. షాపు ఆఫీసు పనులు చూసే నీ మనిషి సదాశివ తెచ్చిన కాగితం మీద ముద్ర ఎందుకు పడలేదని. పడలేదు కాబట్టే ఇంకా నిన్ను తమ్ముడని రాస్తున్నాను.

పోయిన నెల ఆఖరి ఆదివారం, గుడిలో ఆరాధన అయ్యాక నేనూ సదాశివా అల్వాల్ వెళ్ళాం. కాగితంలో ఏముందో ఆయన దారిలో నాకు చెప్పలేదు. "మీరు పరేషాన్ కాకుండ్రి యెషయా గారూ, రెండు నిమిషాల పని" అన్నాడు. బాలమ్మ ఇంట్లో మంచం మీద కూర్చుని గట్టిగా చదివాడు. బాలమ్మ మన షాపులో పనిచేయడం లేదట. ఆ రోజు చుట్టపుచూపుగా వచ్చిందట. తన పొరపాటు వల్లే మిషన్‌లో చెయ్యి పెట్టిందట. ఇచ్చిన పైకంతో తృప్తి పడిందట. చదవడం అయ్యాక ఇంకు ప్యాడ్ తీసి మూత తెరిచాడు. ఆడవాళ్ళ చేత కుడి బొటనవేలి ముద్ర వేయించడం ఆఫీసుల పద్ధతి కదా, ఆ అలవాటు కొద్దీ "అమ్మా, కుడి చెయ్యి ఇటు ఇయ్యి" అన్నాడు.

బాలమ్మ కట్టు కట్టిన చెయ్యి ఆయన ముఖం ముందుకు చాపింది.

"తీస్కో బిడ్డా. వేలు ఏడుందో నువ్వే దేవులాడుకో. మిషన్ కింద పడ్డదేమో, జెర వంగి చూసినవా?"

ఆయన తడబడి, "సరే సరే, ఎడమదైనా నడుస్తది" అన్నాడు.

"నడుస్తదా? చుట్టపుచూపుకొచ్చిన్నా నేను? పదమూడేండ్ల సుట్టాన్ని! ఒక్క పండక్కన్న రవికె గుడ్డ పెట్టిండ్రా సుట్టమని?" అని నా వైపు తిరిగింది. "పెద్దసారూ, నువ్వు చెప్పు. నేను నీ తాన పనిచేసిన్నా, లేదా?"

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. "చేశావు" అన్నాను.

సదాశివ ప్యాడ్ మూసి, "చిన్నసారుకు జవాబు మీరే చెప్పుకోండ్రి ఇగ" అన్నాడు. చెబుతున్నాను.

మూడోది. ఇరవై అయిదున నువ్వు వచ్చేదాకా ఏ ఆఫీసులోనూ ఏ ఫారమూ ఇవ్వవద్దన్నావు. పోయిన మంగళవారమే ఇచ్చేశాను. వృత్తి పన్నుకు ఒకటి, పనివాళ్ళ బీమా ఈఎస్‌ఐకి ఒకటి. మన వాళ్ళ జీతాలకు వృత్తి పన్ను పెద్దగా రాదు, అయినా మనుషులెందరో రాయాలి. రెండింటిలోనూ పన్నెండు అని రాశాను. భాగస్తుల గడిలో నీ పేరు నా పేరు కింద రాశాను. ఒక భాగస్తుడి సంతకం చాలన్నారు. నాది పెట్టాను.

మోటారు ఉన్న చోట పదిమంది పనిచేస్తే ఈఎస్‌ఐలో చేరి తీరాలని నీకు నాకంటే ముందే తెలుసు. కటింగ్ మిషన్‌కు మోటారు బిగించిన ఏడాదే నువ్వు వచ్చి, "అన్నయ్యా, రిజిస్టర్లో తొమ్మిది దాటనీయకు" అన్నావు. ఏడేళ్ళు దాటనీయలేదు. ఊళ్ళో ఎన్ని ఫ్యాక్టరీలకు హాజరు రిజిస్టర్లు, జీతాల రిజిస్టర్లు గీతలు గీసి, కుట్టి, అట్ట వేసి ఇచ్చాం! ఏడో తరగతితో ఆగిన నాకు ఇంగ్లీషు వచ్చిందే ఆ గడుల పైనున్న మాటలు చదివి. అందరి పనివాళ్ళకూ గడులు గీశాను. మన దగ్గర కాగితాలు మడిచే ముగ్గురు ఆడవాళ్ళకు గడి లేదు.

లేకపోవడమే కాదు. దానికి ఒక కసరత్తు ఉండేది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముగ్గురూ లేచి వెనక గుమ్మంలోంచి పక్కింటి అరుగు మీదికి పోవాలి. చాప చుట్టాలి, టిఫిన్ డబ్బా తీయాలి. వాకిట్లో చెప్పులు తొమ్మిది జతలే మిగలాలి. ఎవరు మడిచిన కట్ట ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరు ఒక్కో రంగు గుడ్డ పీలిక కడతారు కదా, ఆ పీలికలూ విప్పుకు పోవాలి. రంగులు లెక్కపెడితే మనుషులు తేలతారని చెప్పింది నువ్వు కాదు. అది నా తెలివి.

ఆఫీసులో గుమాస్తా అమ్మాయి ఫారం చూసి నవ్వింది. "అందరూ తక్కువ చూపిస్తారండీ. మీరేంటి, ఏడేళ్ళ కిందటి నుంచి ఎక్కువ చూపిస్తున్నారు? ఆధారం ఏముంది?" అంది. సంచిలోంచి నా రోజు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాను. రిజిస్టరులో ఏం రాసినా, ఇంటికొచ్చి ఆ పుస్తకంలో ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నిజమే రాసుకునేవాణ్ణి. ఎందుకు రాశానో నాకూ తెలియదు. బాలమ్మ అనే మనిషి మన దగ్గర పనిచేసిందనడానికి భూమ్మీద ఉన్న కాగితం అదొక్కటే. ఆ అమ్మాయి కాసేపు తిప్పి, నవ్వు మానేసి, పై ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆయన చెప్పింది ఇది. మనం చేర్పించకపోయినా, చట్టం ప్రకారం ఉండాల్సిన మనిషే గనుక బాలమ్మకు హక్కు పోదు. డాక్టర్ల బోర్డు వేళ్ళు చూసి లెక్క కట్టి, బతికినంత కాలం నెలనెలా ఇంత అని నిర్ణయించవచ్చు. ఇంకా ఖాయం కాలేదు. మన మీద మాత్రం ఏడేళ్ళ బాకీ, వడ్డీ, జరిమానా పడతాయి. తొమ్మిది అని రాసి ఉంటే మనకు ఏమీ లేదు, ఆమెకూ ఏమీ లేదు. సదాశివ నాకు బోధించిన లెక్క అదే. నోటీసు ఇద్దరి పేరా వస్తుంది. కావాలంటే మిషన్ అమ్ముతాను. నాన్న మోటారు లేకుండానే నలభై ఏళ్ళు కీర్తనల పుస్తకాలు కుట్టాడు.

ఇక నాలుగోది.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని సదాశివ ఫోను చేసి ఉంటాడని, ఆయన తొందరపాటు వల్లే ఇదంతా జరిగిందని, తప్పు ఆయన మీద పెట్టవచ్చని నువ్వు రాశావు. ఆ రోజు ఫోను మోగలేదు. ఉదయం పదకొండు గంటలకు గేటు దగ్గర ఖాకీ చొక్కా, చంకలో పొడుగాటి పుస్తకం కనిపించాయి. "లేవండి!" అని కేకేసింది నేను. ఎన్నడూ గొంతెత్తని వాణ్ణి, షాపంతా అదిరేట్టు అరిచాను.

మిగతా ఇద్దరూ గుమ్మం దాటారు. బాలమ్మ కట్ట అప్పటికే అంచు కోయడానికి మిషన్ మీదికి ఎక్కింది. దానికి ఆమె ఎర్ర పీలిక ఉంది. మిషన్ నడిపే పర్వతాలు నా కేకకు గేటు వైపు తిరిగాడు, కాలు పెడల్ మీదే ఉంది. ఆమె వెనక్కి వచ్చి పీలిక లాగడానికి చెయ్యి పెట్టింది. పర్వతాలు నెల రోజులుగా పనికి రావడం లేదు. తానే ఎవరినో చంపినట్టు ఏడుస్తున్నాడు. వాడిది తప్పు కాదని రెండుసార్లు వెళ్ళి చెప్పాను, ఎవరిదో మాత్రం చెప్పలేదు.

వచ్చింది కరెంటు మీటరు చూసేవాడు. ఆటో పిలిచింది అతనే.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, అలవాటు చొప్పున రోజు పుస్తకం తెరిచాను. "బాలమ్మ, అర పూట" అని రాశాను. రాశాక చూసుకున్నాను. నీ మీద ఇంత కోపంగా రాస్తున్నానే, తమ్ముడూ, ఆ రెండు మాటలు రాసిన చెయ్యి నాది. తొమ్మిది దాటనీయవద్దని నువ్వు చెప్పావు, నిజమే. ఈ తప్పులో నీ వాటా నీకుంది. కానీ నువ్వు విశాఖలో ఉన్నావు. గేటు దగ్గర నిలబడింది నేను.

నిన్న అల్వాల్ వెళ్ళి ఆమెతో చెప్పాను. "బాలమ్మా, ఆ రోజు కేకేసింది నేనే" అన్నాను. ఆమె తలెత్తి చూసింది.

"నీ గొంతు నాకెరుక లేదా సారూ? పదమూడేండ్ల సంది వింటున్న. ఎవ్వరికీ చెప్పలే. నువ్వెప్పుడు చెప్తవో సూద్దామని కూసున్న" అంది. తర్వాత, "పర్వతాలుకు సుత చెప్పు. పోరడు పిచ్చోడైతున్నడు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వాడింటికి అట్నుంచి అటే వెళ్ళి చెప్పాను.

ప్రమాదం గురించి ఇంకో ఫారం ఉంటుంది. దెబ్బ తగిలిన సమయంలో పనిచేసే మనిషి ఏం చేస్తోంది అని అందులో ఒక గడి. ఈ ఉదయం అది నింపి ఇచ్చాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, "యజమాని ఆజ్ఞ ప్రకారం, తాను ఇక్కడ పనిచేస్తున్న గుర్తు తీసేస్తోంది" అని రాశాను. గుమాస్తా అమ్మాయి చదివి, "ఇలా రాయరండీ, మిషన్ దగ్గర పనిలో ఉంది అంటే చాలు" అంది. అదే ఉండనివ్వమన్నాను.

ఇరవై అయిదున వస్తానన్నావు. రా. స్టేషన్ నుంచి ముందు అల్వాల్ వెళ్ళు, తర్వాత షాపుకు. వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు లెక్కపెట్టుకో. ఇక ఎవరు గేటు తీసినా ఒక్క జత కూడా అక్కణ్ణుంచి కదలదు.

డోరాకూ పిల్లలకూ మా దీవెనలు.

ఇట్లు,
ఆ రోజు కేకేసిన నీ అన్న,
యెషయా