ముందు తెలిసినవాడు

హన్మంతన్నకు,

ఎదురుగా నాకు మాట రాదు. నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

కేసముద్రం మార్కెట్‌కు మనిద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్లు రెండోవాళ్లకు పత్తి ధర చెప్పాలి. మీసాలు రాకముందు నుంచీ అదే మన పద్ధతి. ధర పడిపోయిన రోజు కూడా నువ్వు దాచలేదు. "ఇయ్యాల రాకు తమ్మీ, బండి మలుపుకో" అనేవాడివి.

పోయిన వారం అక్కడే బస్తాల మీద కూర్చుని అడిగాను. "అన్నా, జనగామల నర్సు చదువుకు ఉచితంగ కోచింగ్ ఇస్తరంట గద. దాంట్ల సీటుకు పరీక్ష ఎప్పుడో ఏమన్న తెలిసిందా?"

చాయ్ ఊదుకుంటూ చెప్పావు. "ఇంకేం రాలే తమ్మీ. వస్తే నీకు చెప్పనా?"

నిన్న బస్సులో నీ మనవరాలు దీక్షిత మా అనితను అడిగిందట. "పరీక్షకు ఎందుకు రాలేదే? మా నాయిన ఫోన్‌ల గ్రూపుల ఎప్పుడో వచ్చింది. తాత మీకు చెప్పిండనుకున్న."

మా ఇంట్లో ఉన్నది మీటలు నొక్కే ఫోను. మాకు గ్రూపులు లేవు. నువ్వే ఉన్నావనుకున్నాను. నా మనవరాలు నీ మనవరాలిని దాటుతుందని భయపడ్డావా అన్నా? అనిత ఏడవలేదు. రేపటి నుంచి మిరప ఏరడానికి వస్తానంది.

ఇక నాకు ధర చెప్పకు. నేనూ చెప్పను.

మాన్‌సింగ్

*

అన్నా,

అనిత ఊరుకోలేదు. రైలెక్కి జనగామ పోయి వచ్చింది. గేటుకు కాగితం అంటించి ఉందట. సీట్లు మిగిలాయి, శుక్రవారం ఇంకో పరీక్ష. దీక్షితకు మొదటిసారి సీటు రాలేదని కూడా తెలిసింది.

ఈసారి కబురు ముందు నా దగ్గరికి వచ్చింది. ఫోన్ చేస్తే నిమిషం పని. చెయ్యలేదు. పోస్టులో వేస్తే శుక్రవారం దాటాకే చేరుతుందని తెలిసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అన్నీ అయిపోయాక తెలిస్తే ఎట్లుంటుందో నువ్వూ చూడాలని.

అనిత వెనక నిలబడి చదివింది. "తాతా, దీక్షిత నన్నేం జేసింది?" అంది. పోయి మా తండా సేవాలాల్ గుడిలో మైకు అందుకుంది. గొట్టం మీ ఊరి దిక్కు తిప్పింది. "ఇంటర్ చదివిన పిల్లలు అందరు ఇనుండ్రి..." ఇంకా చెబుతూనే ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. మైకు విని నువ్వు దీక్షితను తీసుకుని శుక్రవారం పొద్దున స్టేషన్‌కు వస్తావు. నీ చేతికే ఇస్తాను.

నాతో మాట్లాడించకు.

మాన్‌సింగ్