ముట్టుకున్న పావు

ప్రియమైన నీకు,

ఆదివారం మా ఫ్యాక్టరీ చదరంగం పోటీల ఫైనల్. గెలిచినవాణ్ణి హెడ్డాఫీసు జట్టులోకి తీసుకుంటారట. అంటే బదిలీ మన ఊరికే. ఎదురు ఆడేది బాయిలర్ సెక్షన్ ఫిట్టర్. అతని భార్యాబిడ్డలూ మన ఊళ్ళోనే. నావి నల్ల పావులు. సిసిలియన్ అనే ఎత్తుగడ ఆడతాను. అందులో వెనక్కి తగ్గడం ఉండదు. అతను నా రాజు మీదికి, నేను అతని రాజు మీదికి. ఎవరు ముందు చేరితే వాళ్ళదే ఆట. షిఫ్టు దిగాక కళ్ళు మూతలు పడుతున్నా బల్ల ముందు కూర్చుంటున్నాను. అమ్మ ఇంత దూరం ప్రయాణం చెయ్యలేదు, ఆమెను వదిలి నువ్వూ రాలేవు. ఒక్కణ్ణే వండుకు తినడం ఇక నా వల్ల కాదు.

మీ ఆయన

*

ప్రియమైన మీకు నమస్కారాలు.

అత్తయ్య నడుము పట్టేసి గోడ పట్టుకుని నడుస్తున్నారు. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. నిన్న పాలు చల్లారాయని పాలనూ నన్నూ కలిపి తిట్టారు. నేనూ అలసిపోయానండీ. దుప్పటి ఒక వైపే నలుగుతోంది. దేవుణ్ణి మీ గెలుపు అడగలేదు. అవతల ఆ ఫిట్టర్ భార్యా అదే అడుగుతుందిగా, ఆయన్ని ఇరుకున పెట్టడం ఎందుకు? నిద్రమత్తులో మీ చెయ్యి తప్పు పావు మీద పడకుండా చూడమన్నాను. ముట్టుకుంటే దాన్నే కదపాలని మీరేగా చెప్పారు.

ఎదురుచూస్తూ,
మీ ఇల్లాలు

*

ప్రియమైన నీకు,

ఓడిపోయాను. నా దాడే ముందుంది. అప్పుడు ఫిట్టర్ గుర్రాన్ని ముట్టుకున్నాడు. అది కదిలితే మంత్రి పోతుంది. ఉలిక్కిపడి చెయ్యి తీసి, ఏనుగును జరిపాడు. రిఫరీ అటు తిరిగి ఉన్నాడు. నేను నోరు తెరిస్తే చాలు. కానీ ఆ చెయ్యి కోసం కూడా ఎవరో దణ్ణం పెట్టుకునే ఉంటారనిపించింది. ఊరుకున్నాను. ఆ తర్వాత మనసు ఆటలో లేదు.

లేచాక అతను నా చెయ్యి వదలడే! "అన్నా, చూశావు గదా?" అన్నాడు.

"ఏం చూశాను? నిద్రలో ఉన్నా" అన్నాను.

నిన్ను అడక్కుండా నీ సుఖం వదిలేసుకున్నాను. కోప్పడు.

మీ ఆయన

*

ప్రియమైన మీకు,

చదివి ఏడ్చాను, అబద్ధమెందుకు. తప్పు చేశారని మాత్రం అనలేను. అత్తయ్యకు చెప్పాను.

"ఓడాడా? గోళీలాటలోనూ అంతే. ఎదుటివాడు ఏడిస్తే గెలిచినవన్నీ ఇచ్చి వచ్చేవాడు. సరే, బట్టలు సర్దు."

"ఎక్కడికత్తయ్యా?"

"వాడి దగ్గరికే."

"అంత దూరం మీరు కూర్చోలేరుగా!"

"కూర్చోలేకపోతే పడుకుని వస్తా. రాలేనని నేనన్నానా? ఇన్నాళ్ళూ నన్ను అడిగిందెవరే?"

నిజమే. మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కింది బెర్తు దొరికింది. శుక్రవారం ఉదయం దిగుతాం. గది ఇరుకని రాయకండి. బల్ల మీద ఆ చదరంగం తీసేసి, అత్తయ్య మందులకు చోటు చెయ్యండి.

బయలుదేరుతున్న
మీ ఇల్లాలు